ఎడమ కాలికి పని లేని కారు

నేను ఒక గేర్‌బాక్సును. క్లచ్ తొక్కే పని లేకుండా, చక్రాల వేగాన్ని బట్టి నా గేర్లు నేనే మార్చుకునే రకాన్ని. జర్మనీలో పుట్టాను. అక్కడి కార్మికులు నా పళ్ళను ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసి మరీ బిగించారు. నలుపు రంగు కారు కడుపులో కూర్చుని, ఓడెక్కి, విశాఖపట్నం రేవులో దిగాను.

నన్ను తెప్పించుకున్నది మిషన్ ఆసుపత్రిలో పనిచేసే ఒక జర్మన్ డాక్టరమ్మ. ఆవిడ కింద పరంజ్యోతి అనే కుర్ర డాక్టరు ఉండేది. పసితనంలో వచ్చిన పోలియో వల్ల పరంజ్యోతి ఎడమ కాలు చచ్చుబడింది. రిక్షా ఎక్కాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకున్న ప్రతివాడూ “అయ్యో పాపం” అని తీరాలి. ఆ మాట రోజుకు నాలుగుసార్లు వింటూ నవ్వు మొహం పెట్టడం కంటే వైద్యం చదవడం తేలికని ఆమె అంటుండేది.

భీమిలి వెళ్ళే దారిలో కుష్ఠురోగుల ఆసుపత్రి ఒకటి ఉంది. ఆ రోజుల్లో దాని గేటు దాకా ఏ రిక్షావాడూ వచ్చేవాడు కాదు. జర్మన్ డాక్టరమ్మ స్వదేశం వెళ్ళిపోతూ పరంజ్యోతిని నా కారులో కూర్చోబెట్టి, వచ్చీరాని తెలుగులో, “ఇందులో ఎడమ కాలికి పని లేదు. నువ్వే తోలు” అంది.

పరంజ్యోతి తోలింది. మొదటి రోజు సముద్రపు ఒడ్డున, ఎత్తుపల్లాల దారిలో, కొంగు నడుముకు దోపుకుని, పళ్ళు బిగించి తోలింది. కొండ ఎక్కేటప్పుడు నేను కింది గేరుకు దిగాను, దిగేటప్పుడు పట్టి ఉంచాను. నా పని నేను చేశాను, ఆమె పని ఆమె చేసింది. ఇంటికి తిరిగి వచ్చాక స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు కూర్చుంది. ఆ తరువాత దాదాపు ఏభై ఏళ్ళు, ప్రతి శనివారం ఆ ఆసుపత్రికి వెళ్ళాం. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగ విరమణ అయ్యాక కూడా శనివారం మానలేదు. జబ్బు నయమైనా వేళ్ళు పోయినవాళ్ళు, స్పర్శ లేని పాదాలకు పుండ్లు పడినవాళ్ళు ఆమె కట్టే కట్ల కోసం కాచుకుని ఉండేవారు.

నేనూ ముసలిదాన్నయ్యాను. నూనె కార్చడం, గేరు మారేటప్పుడు కుదుపు ఇవ్వడం మొదలుపెట్టాను. అప్పుడే ఆమె తమ్ముడి కొడుకు జయశీల్‌కు పాత కార్ల పిచ్చి పట్టింది. ఇళ్ళ స్థలాల వ్యాపారంలో బాగా కలిసివచ్చినవాడు. “అత్తా, కారు ఇవ్వు. రంగు వేయించి, రిపేరు చేయించి తెస్తాను” అన్నాడు. ఆమె సంతోషంగా తాళాలు ఇచ్చింది.

కంచరపాలెంలోని షెడ్డులో మేస్త్రీ అప్పలకొండ నన్ను కిందనుంచి చూసి, నా నూనె కారకుండా ఆపే సీళ్ళు బయటి దేశం నుంచి తెప్పించాలని, రెండు నెలలు పట్టవచ్చని చెప్పాడు.

“ఇది పీకెయ్. మామూలు గేర్‌బాక్సు పెట్టెయ్. క్లచ్ లేని బండి బండేనా అని మా పాత కార్ల క్లబ్బులో నవ్వుతున్నారు” అన్నాడు జయశీల్.

“అది మార్సేత్తే డాట్రమ్మగారు ఎలాగ తోల్తారు బాబూ?”

“డెబ్బై దాటాక ఇంకా తోలడమేమిటి? డ్రైవర్ని పెడతాను.”

అప్పలకొండ రెంచీ అందుకున్నాడు. బేరం పోగొట్టుకోవడం అతనికీ ఇష్టం లేదు. నేలరేకు కోశారు. మూడో పెడల్‌కు చోటు చేశారు. నన్ను దింపి, నా నూనె డబ్బాలోకి వంచి, గోనెపట్టాలో చుట్టి డిక్కీలో పడేశారు. కుంటివాళ్ళ మీద మనుషులకు జాలి ఎంత ఉంటుందో, వాళ్ళు ఎవరి సాయమూ లేకుండా తిరిగితే చికాకు కూడా అంతే ఉంటుందని నాకు ఆ షెడ్డులో తెలిసింది.

కారు అద్దంలా మెరుస్తూ పరంజ్యోతి ఇంటికి చేరింది. డిక్కీలోంచి నాకు ఆమె చేతికర్ర చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. 

“జయశీల్, ఈ మూడోది ఏమిటి?”

“క్లచ్ అత్తా. ఇప్పుడు అసలైన బండి అయింది.”

“నా కాలు సంగతి నీకు తెలుసు కదా?”

“తెలిసే కదా డ్రైవర్ని మాట్లాడాను. మహారాణిలా వెనక కూర్చో.”

“మళ్ళీ పాతది బిగించవచ్చా?”

“నేలంతా కోసేశారత్తా. ఇప్పుడు కుదరదు.”

“పాతది ఎక్కడుంది?”

“డిక్కీలో. చూస్తావని తెచ్చాను.”

“దాన్ని ఇక్కడ దింపించు. కారు నువ్వు తీసుకుపో.”

అతను నొచ్చుకున్నాడు. ఇంత ఖర్చు పెట్టి చేయిస్తే అత్తకు విశ్వాసం లేదని ఫోనులో ఎవరితోనో చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు. నన్ను వరండాలో పెట్టారు. శనివారం వచ్చేసరికి ఆమె తయారై కూర్చునేది. ఫోనులో పిలిచిన కారు ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి దారిలోనే మనసు మార్చుకునేది. రాని రోజున చీర మార్చుకోకుండా సాయంత్రం దాకా కుర్చీలోనే ఉండేది. నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఒక శనివారం జయశీల్ వచ్చాడు. కారుకు మంచి బేరం వచ్చిందట. కొనే ఆయన మాత్రం మొదటి గేర్‌బాక్సు కూడా ఉంటేనే తీసుకుంటానన్నాడట. పుట్టినప్పుడు ఉన్నట్టుగా ఉంటేనే విలువ అట.

ఆమె అతన్ని పైనుంచి కిందకు చూసింది. “చాలా బరువు. మనుషుల్ని తెచ్చుకో” అంది.

అతను మనుషుల కోసం వెళ్ళగానే, పాత ఇనుము కొనే ట్రాలీ ఆటో వీధిలోకి వచ్చింది. తోలేది గౌరినాయుడు, వెనక అతని భార్య. పరంజ్యోతి కర్ర ఎత్తి పిలిచింది. ఆలుమగలిద్దరూ తాడు వేసి, మూలుగుతూ నన్ను బండి మీదికి ఎక్కించారు.

“ఇదేటమ్మా, ఇంత బరువుంది? ఎంతిమ్మంటారు?”

“డబ్బు వద్దు. భీమిలి దారిలో ఆసుపత్రి ఉంది. అక్కడ నన్ను దింపు.”

“ముందర సీటు ఒక్కటేనండి.”

“కొంచెం జరుగు.”

మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎడమ కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని కూర్చుంది. గౌరినాయుడు క్లచ్ పట్టి గేరు మార్చినప్పుడల్లా బండి కీచుమంది. వాడు ప్రతి ఎత్తు దగ్గరా ఆలస్యంగా మార్చాడు. ఆమె సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రి గేటు దగ్గర దిగి, కొంగు సర్దుకుని లోపలికి నడిచింది. బల్ల మీద కూర్చున్న ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. నా వైపు తిరిగి చూస్తుందనుకున్నాను. చూడలేదు. లోపల నుంచి, “ముందు ఎవరిది?” అని అడగడం వినిపించింది. గౌరినాయుడు బండిని పాత ఇనుము కొట్టు వైపు తిప్పాడు.