నీలిబుగ్గ క్లారినెట్

కోరుట్ల బ్యాండు మేళంలో ప్రకాశ్ క్లారినెట్ ఊదుతుంటే పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం కూడా ఆగి వినేదని చెప్పుకుంటారు. గుర్రం సంగతి గుర్రానికే తెలియాలి గానీ, మనుషులు మాత్రం ఆగేవారు. ఒక్కసారి విన్న పాట తెల్లారేసరికి అతని వేళ్లలో ఉండేది. సరిగమలు రావు, నేర్పినవాళ్లూ లేరు. ఎవరైనా మెచ్చుకుంటే ఎడమ బుగ్గ చూపించి, "నాదేమున్నదన్నా, అంత దీని మహిమ" అనేవాడు.

ఆ బుగ్గ మీద పుట్టినప్పటి నుంచీ ఒక నీలం ఉబ్బు ఉంది. చిన్నప్పుడు రేగుపండంత, నలభై రెండేళ్లకు నిమ్మకాయంత. మెత్తగా ఉండేది. నొక్కితే అణిగి, వదిలితే మెల్లగా నిండేది. బడిలో పిల్లలు 'నీలిబుగ్గోడు' అంటే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన కొడుకును, డప్పు కొట్టే దేవయ్య ఒళ్లో కూచోబెట్టుకుని, "గది పాటల సంచిరా కొడుకా. దేవుడు అందరికి ఇయ్యడు" అన్నాడు. తండ్రి మాట, పైగా తీపి మాట. ప్రకాశ్ నమలకుండానే మింగేశాడు.

అప్పటి నుంచీ కళ్లు మూసుకుని ఊదేటప్పుడల్లా బుగ్గ లోపల ఒక చిన్న చెరువు కనిపించేది. అలలు లేని నీలం నీళ్లు. అడుగున పాటలు చేపల్లా తిరుగుతుండేవి. తాను గాలి పంపితే ఒకటి పైకొచ్చేది. తన పని అంతవరకే అనుకునేవాడు.

ఒక సాయంత్రం సిరిసిల్లలో పెళ్లి బరాత్ ముందు నడుస్తూ ఊదుతున్నాడు. పాట మంచి పట్టులో ఉండగా నోట్లో వెచ్చగా, ఉప్పగా ఏదో తగిలింది. చూసుకుంటే తెల్ల యూనిఫారం మీద నెత్తురు. మర్నాడు కోరుట్లలో ఒక పళ్ల డాక్టరు, చిగురుకు చీము పట్టింది, పన్ను పీకి గడ్డ కోస్తానన్నాడు. ప్రకాశ్ భార్య సరిత బీడీలు చుట్టే చేతులతో మొగుణ్ని కుర్చీలోంచి లేపింది.

"పుట్టినప్పటి సంది ఉన్నదానికి గిప్పుడు చీమేంది? చీమైతె జెరమన్న రావాలె గదా! లే, జగిత్యాల పోదాం."

ఆవిడ చదివింది ఐదో తరగతి. ఆ రోజు ఆ ఐదో తరగతే అక్కరకొచ్చింది.

జగిత్యాల ఆసుపత్రిలో డాక్టర్ ప్రణీత కత్తి మాట ఎత్తలేదు. బుగ్గ మీద వేళ్లు పెట్టి తడిమి చూసింది. ఉబ్బులో వేడి లేదు, నాడి కొట్టుకోవడం లేదు. తల వంచమంటే ఉబ్బింది, ఎత్తమంటే అణిగింది. లోపల పెసరగింజలంత గట్టి రాళ్లు రెండు వేలికి తగిలాయి.

"ఏం పని చేస్తరు?"

"బ్యాండుల క్లారినెట్ ఊదుత మేడం."

"తెచ్చిండ్రా?"

అది లేకుండా ప్రకాశ్ సంతకు కూడా పోడు. పెట్టె తెరిచాడు.

"ఊదుండ్రి మరి."

ఊదాడు. డాక్టరమ్మ వేళ్ల కింద బుగ్గ మెల్లమెల్లగా నిండి, నీలం ముదిరింది. బయట చీటీలు పట్టుకున్నవాళ్లు వరుస మరిచిపోయి గుమ్మంలోకి వచ్చారు. ఒక ముసలమ్మ చెప్పులు విడిచి లోపలికే వచ్చింది. చూడాల్సింది చూశాక కూడా డాక్టరమ్మ ఆపమనలేదు. పాట అయ్యేదాకా అలాగే నిలబడింది.

అయ్యాక చెప్పింది. "ఇది చీము గాదు, క్యాన్సరూ గాదు. నెత్తురును గుండెకు మలిపే నరాలు ఉంటయి, సిరలంటరు. తల్లి కడుపులున్నప్పుడే అవి గిక్కడ సక్కగ ఏర్పడలే. ఎవరి తప్పూ లేదు. ఊదినా వంగినా నెత్తురు నిండుతది. నిలవున్న నెత్తురే గడ్డకట్టి గీ రాళ్లయింది. పన్ను పీకితె మాత్రం నెత్తురు ఆపుడు కష్టమయ్యేది."

స్కానింగుల్లో ఇంకోటి బయటపడింది. ఉబ్బు లోపలి వైపు, గొంతు దాకా పాకుతోంది. హైదరాబాదులో స్కాను చూసుకుంటూ సూదితో మందు ఎక్కిస్తారు, సిరలు ముడుచుకుపోతాయి. రెండు మూడు సార్లు పడుతుంది. పూర్తిగా పోతుందని చెప్పలేం, అదుపులో ఉంటుంది. మానేదాకా ఊదడం బంద్.

"మరి పాట మేడం?" అన్నాడు ప్రకాశ్.

"పాటకేమైతది?" అంది ఆమె. ఆ ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు.

తిరుగు బస్సులో ప్రకాశ్ తేల్చేశాడు. "నేను చేపిచ్చుకోను. గది పోతె పాట పోతది. పాట లేకుంటె నేనేంది సరితా? ఉత్త గొట్టం పట్టుకున్నోన్ని."

సరిత కిటికీలోంచి చెరకు తోటల వైపు చూస్తూ కూచుంది. అటే చూస్తూ అంది. "గొంతుకు అడ్డం పడ్డనాడు ఏం ఊదుతవయ్యా? నీ పాట నాకద్దు. నువ్వు కావాలె నాకు."

ఆ వారమే ప్రకాశ్ ఆమె వెంట హైదరాబాదు బస్సెక్కాడు.

సూది రోజున మత్తులో అతను చెరువు గట్టు మీద కూచున్నాడు. నీళ్లు చప్పుడు లేకుండా ఇంకుతున్నాయి. నీలం పలచబడి, పలచబడి, అడుగు తేలింది. చేపల్లేవు. మోకాళ్ల లోతు బురదలో దిగి రెండు చేతులా వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. మెలకువ వచ్చేసరికి బుగ్గ ముంతంత వాచి ఉంది, కళ్ల నిండా నీళ్లు. నర్సు నొప్పా అనడిగితే అవునన్నాడు.

వాపు రెండు వారాలకు తీసింది. ఇంకో సూది. రెండు దిండ్ల మీద తల పెట్టి నిద్ర. పెళ్లి ఊరేగింపులన్నీ వీధి చివరి నుంచి ఇంకెవరి క్లారినెట్‌తోనో వెళ్లిపోయాయి. అవి వినబడకుండా ప్రకాశ్ తలుపు వేసుకునేవాడు. ఐదు నెలలకు డాక్టర్ ప్రణీత బుగ్గ నొక్కి చూసి, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమని, ఇక మెల్లగా ఊదొచ్చని చెప్పింది. తొమ్మిది రోజులు అతను పెట్టె ముట్టలేదు. పదో రోజు పొద్దున సరితే తెచ్చి ఒళ్లో పెట్టి, వాకిట్లో తన బీడీల చేట ముందు కూచుంది.

మొదటి ఊపిరికి గాలే వచ్చింది. రెండోదానికి మేకపిల్ల అరిచినట్టు అరిచింది. మూడోసారి కళ్లు మూసుకుని, ఏమీ అనుకోకుండా ఊదాడు. వేళ్లు వాటంతట అవే కదిలాయి. పాట వచ్చింది. అదే ఒంపు, చివర్న అదే వణుకు. చెరువు కోసం లోపల చూశాడు. లేదు. రొమ్ములో ఊపిరి, వేళ్ల కింద కట్టె, అంతే. సగంలో ఆపేసి బుగ్గ తడుముకున్నాడు. చదునుగా ఉంది.

"సరితా, గిది ఎక్కడికెల్లి అచ్చిందే?"

"ఎక్కడికెల్లి అత్తది? ఊదింది నువ్వే గదా" అంది ఆవిడ, ఆకు కత్తిరిస్తూనే.

ప్రకాశ్‌కు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ తన పాటను పరాయి సొమ్మనుకుని మోశాడు. పొగిడినవాళ్లందరినీ ఇంకెవరి దగ్గరికో పంపించాడు. అది తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సరిత కత్తెర పక్కన పెట్టింది. ఏడుపు నెమ్మదించాక క్లారినెట్ మళ్లీ అతని చేతుల్లో పెట్టింది.

"ఇగ ఊదు" అంది. "సగంల ఆపినవ్."