రెండో జత గుంటలు

“కర్ర పెట్టి తుడిస్తే మూలలు మిగిలిపోతాయి. మోకాళ్ళ మీద కూర్చుని తుడవాలి.”

ఆమె కాపురానికి వచ్చిన మూడో రోజున అత్తగారు అన్న మాట ఇది. పదమూడేళ్ళయినా ఆ మాటకి తుప్పు పట్టలేదు. నేల తుడిచే కర్ర తలుపు వెనక కొత్తదానిలా నిలబడే ఉంది. ఆమె మోకాళ్ళే నల్లబడి కాయలు కాశాయి. కుడిది మరీ మొద్దుబారిపోయింది. రోజూ పొద్దున్నే వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా వెనక్కి జరుగుతూ తుడుస్తుంది. ఆ తర్వాత చేతులు కడుక్కుని దేవుడి ముందు నిలబడి కళ్ళు మూసుకుంటుంది. ఐదు నిమిషాలు. రోజు మొత్తంలో ఆమెని ఎవరూ పిలవని ఐదు నిమిషాలు అవే. దేవుడితో ఆమెకి పేచీ ఏమీ లేదు. పేచీ అంతా ఆయన పేరు వాడుకునేవాళ్ళతోనే. “ఇల్లాలు ఇంట్లో చేసేది పనెలా అవుతుందండీ? పూజ!” అని భర్త నలుగురిలోనూ అంటాడు. వచ్చినవాళ్ళు ఆహా అని తలలూపుతారు. “పూజైతే మీరూ ఓ చెయ్యి వెయ్యచ్చుగా, పుణ్యం వస్తుంది” అని ఒకసారి అన్నది. “మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ” అని ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులోనే ఆమె అందరి ఎంగిలి కంచాలూ ఎత్తింది.

ఇంటి పని తెమిలాక ఊరి చివర తవ్వకాల దగ్గరికి పరుగెడుతుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఊరొకటి అక్కడ మట్టి కింద నుంచి బయటపడుతోంది. రేకుల షెడ్డులో నీళ్ళ తొట్టి ముందు కూర్చుని, పళ్ళు తోముకునే బ్రష్షుతో కుండపెంకులు కడిగి, వలమీద ఆరబెట్టి, ఒక్కో పళ్ళేనికి ఒక్కో చీటీ కట్టడం ఆమె ఉద్యోగం. అందరూ ‘పెంకులమ్మ’ అంటారు. ఏడేళ్ళలో ఆమె వేళ్ళకి కళ్ళొచ్చాయి. పెంకు లోపలి వైపు తడిమి, ఇది పొయ్యి మీద కుండ, ఇది నీళ్ళ కుండ అని చెప్పేస్తుంది. పరిశోధన చేసే అమ్మాయిలూ అబ్బాయిలూ అడిగి రాసుకుంటారు. అచ్చయిన నివేదికలో మాత్రం ఆమె చివరి పేజీలో ఒక్క మాటలో ఉంటుంది: ‘సిబ్బంది’.

కిందటి నెల అక్కడ ఒక గది బయటపడింది. సున్నపు గచ్చు చెక్కుచెదరలేదు. గోడవైపు తిరిగి గచ్చులో రెండు గుంటలు. వాటికి ఎడంపక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఇంకో రెండు చిన్న గుంటలు. డైరెక్టరుగారు చూసీ చూడగానే తేల్చేశారు. ఇది ప్రార్థనగది, ఎవరో మహాభక్తుడు జీవితమంతా ఇక్కడే మోకరిల్లి గచ్చు అరగదీశాడు, చిన్న గుంటలు ఆయన శిష్యుడివి. అర్థంకాని వస్తువు ఏది దొరికినా ఆయన దాన్ని పూజలోకి తోసేస్తారు. పిడి విరిగిన గరిటె దొరికితే పూజా సామగ్రి. పిల్లలాడుకునే మట్టిబొమ్మ దొరికితే గ్రామదేవత. షెడ్డులో ఆడవాళ్ళు దాన్ని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. “మన చీపురు దొరికిందంటే గుడి కట్టేస్తారే” అనేది ఆమెతో పెంకులు కడిగే అక్క.

ఆ గదికి ఫొటోలు తీసే రోజు వచ్చింది. “పెంకులమ్మా, గుంటల్లో దుమ్ము లేకుండా తుడిచెయ్యి. చెప్పులు విప్పి దిగు, పవిత్రమైన చోటు” అన్నారు డైరెక్టరుగారు. ఆమె బ్రష్షు పట్టుకుని దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని ముందుకి వంగింది. అప్పుడు తెలిసింది. తన మోకాళ్ళు రెండూ ఆ గుంటల్లో, పాత చెప్పుల్లో పాదాల్లా, సరిగ్గా కూర్చున్నాయి. కుడి మోకాలు ఇంకాస్త దిగింది. కుడి గుంటే లోతు. తుడవడానికి చెయ్యి ముందుకి తోసింది, ఒళ్ళు ఊగింది, మోకాళ్ళు గుంటల పొడుగునా జారి వెనక్కి వచ్చాయి. ఆమెకి ఒక్కసారిగా వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. ఎనిమిది వందల ఏళ్ళుగా ఇక్కడ పడి ఉన్న ఈ నొప్పి తనకి తెలుసు. మెల్లగా ఎడంపక్కకి తిరిగి ఆ చిన్న గుంటల్ని చూసింది. ఇంట్లో పదకొండేళ్ళ కూతురు గుర్తొచ్చింది.

“సార్, ఒక మాట” అన్నది పైకి చూసి.

“చెప్పమ్మా.”

“ఇక్కడ దణ్ణం పెట్టుకోలేదండీ. గింజలు నూరారు.”

పైన నిలబడ్డ కుర్రకారు ముసిముసిగా నవ్వారు.

“గుంటలు గుండ్రంగా లేవు, పొడుగ్గా ఉన్నాయి చూడండి. ముందుకీ వెనక్కీ ఊగితేనే అలా అరుగుతుంది. ముందర ఈ పలకంత మేర గచ్చు అరగకుండా నిన్న వేసినట్టుంది. నూరే రాయి ఉన్న చోటు. రాయి పనికొస్తుంది కనక ఎవరో ఎత్తుకుపోయారు. గుంటలు ఎవరిక్కావాలి?”

“అది విగ్రహం ఉన్న చోటమ్మా. ఊగుతూ ప్రార్థించేవాళ్ళూ ఉంటారు.”

“మరి ఆ మట్టి పరీక్షలో పిండి ఉందన్నారట కదండీ?” గుంటల పగుళ్ళలోంచి గోటితో గీరినంత మట్టి ప్రయోగశాలకి పంపితే, కంటికి కనబడని పిండి రేణువులూ రాతిపొడీ ఉన్నాయని జవాబొచ్చిన సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

“ఉంది. దేవుడికి పిండి సమర్పించారన్నమాట!” ఆయన మొహం వెలిగిపోయింది.

“నేను రోజూ దణ్ణం పెట్టుకుంటానండీ. ఐదు నిమిషాలకి గచ్చు అరగదు. ఇంత అరగాలంటే రోజులో సగం ఇక్కడే ఉండాలి. అన్నం ఇంకెవరో వండిపెడితేనే ఏ భక్తుడికైనా అది కుదిరేది. మరి ఆ వండిపెట్టినామె గుంటలేవండీ?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. డైరెక్టరుగారి గొంతు మారింది. “భక్తుడి మోకాళ్ళ గుర్తులు పట్టుకుని పిండి రాయి అంటావా? పాపం కాదూ? వెళ్ళి నీ పెంకులు చూసుకో.”

పాపం! ఇంటికొచ్చే దారంతా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. ఒక ఆడదాని ఒళ్ళు అరిగిపోయిన చోటుని ఎవరో మగాడి భక్తికి కట్టబెట్టడం పాపం కాదు, అది ఆవిడదే అని చెప్పడం పాపమా? దేవుడికి ఇన్ని మోకాళ్ళు చాలవా, ఆ వంటగది మోకాళ్ళు కూడా ఆయన ఖాతాలోకే వెయ్యాలా? ఆయనే అడిగాడా, వీళ్ళే ఇస్తున్నారా? మర్నాడు కళ్ళు మూసుకుని ఆయన్నే అడగాలనుకుంది. ఆయనకి ఈ సంగతి తెలిసే ఉంటుందని ఎందుకో అనిపించింది.

ఆ సాయంత్రం అత్తగారి మోకాళ్ళకి నూనె మర్దన చేస్తూ అడిగింది. “మీకు కుడి మోకాలే ఎక్కువ నొప్పెందుకు అత్తయ్యా?”

“కుడిచేత్తో తోస్తాం కదే, ఒంటి బరువంతా దాని మీదే పడుతుంది. ఆ మాత్రం తెలీదూ?”

“మనకంటే పెద్ద చదువులు చదివినవాళ్ళకే తెలీదత్తయ్యా. ఎప్పటి నుంచి తుడుస్తున్నారు మీరు?”

“పదకొండేళ్ళప్పుడు మా అమ్మ పక్కన కూర్చోబెట్టింది.” అత్తగారు రెండో మోకాలు ముందుకి చాపింది. “నీ కూతురికీ పదకొండు నిండాయి. దానికీ ఓ గుడ్డముక్క ఇవ్వు, చెయ్యి అలవాటవుతుంది.”

ఆమె చేతులు మోకాలి మీదే ఆగిపోయాయి. కోపం రావలసిన చోట కోపమూ జాలీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

మర్నాడు షెడ్డులో, ఆ గదిలో దొరికిన పెంకుల పళ్ళేనికి చీటీ కడుతూ, ‘గమనిక’ అని ఉన్న గడిలో రాసింది: ‘ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు పెద్ద, ఒకరు చిన్న. గింజలు నూరారు.’ మధ్యాహ్నానికి ఆ చీటీ స్థానంలో వేరే చీటీ ఉంది. ఆమె మళ్ళీ రాసింది. మళ్ళీ మారింది. మూడోసారి, నీళ్ళు తగిలినా చెదరని సిరాతో పళ్ళెం అడుగునే రాసింది.

ఆదివారం పొద్దున పేపర్లో ఆ గది ఫొటో వచ్చింది. భర్త కుర్చీలో కూర్చుని పైకి చదువుతున్నాడు. “‘మహాభక్తుడి పాదాల చెంత చిన్నారి శిష్యుడు’. చూశావుటే మీ చోటు! ఎంత భక్తో, గచ్చే అరిగిపోయింది!” ఆమె తడిగుడ్డతో కుర్చీ దగ్గరికి వచ్చేసరికి, పేపరు మీంచి కళ్ళు తియ్యకుండానే రెండు కాళ్ళూ పైకెత్తాడు, కింద తుడుచుకోమని.

కుర్చీ కింద తుడిచి ఆమె వెనక్కి జరిగింది. ఎడంపక్కన ఏదో కదిలింది. కూతురు. చిన్న గుడ్డముక్క పట్టుకుని, మోకాళ్ళ మీద, ముందుకీ వెనక్కీ. “నానమ్మ చెయ్యమంది. బాగా చేస్తున్నానా అమ్మా?” చెయ్యి చాపితే అందేంత దూరం. తడి నేల మీద ఆ పిల్ల మోకాళ్ళ గుర్తులు రెండు చిన్న గుండ్రాల్లా పడుతున్నాయి.

ఆమె చేతిలో గుడ్డ నీళ్ళ బకెట్టులో పడింది.

“లే తల్లీ.”

“ఇంకా సగం ఉందిగా?”

“లే.” చంకల కింద చేతులేసి పిల్లని ఎత్తి నిలబెట్టింది. తలుపు వెనకకి వెళ్ళి, పదమూడేళ్ళుగా నిలబడ్డ కర్రని తీసుకొచ్చి, భర్త ఇంకా ఎత్తే ఉంచిన కాళ్ళ మీద అడ్డంగా పెట్టింది.

“ఇదేంటి? నాకెందుకూ?”

“పూజండీ. సగం మిగిలింది.”

లోపలి నుంచి అత్తగారు కేక వేసింది. “కర్రతో మూలలు మిగిలిపోతాయే!”

“మిగలనివ్వండత్తయ్యా” అన్నది ఆమె, కూతురి మోకాళ్ళకంటిన తడిని కొంగుతో ఒత్తుతూ. “ఎప్పుడో ఒకనాడు ఎవరో ఈ ఇల్లు కూడా తవ్వుతారు. ఇక్కడ ఒక్క జత గుంటలే దొరకాలి.”