తరవాణి పారబోసినవాళ్ళకి

ఆ తరవాణిని తూములో పోయించింది మీరు. మా ఇబాదాన్ నగరంలో పరిశోధన సంస్థ మూడో అంతస్తులో కూర్చుని సంతకాలు పెట్టే మీరే. నలభై ఏళ్ళుగా బోడే సంతలో ఆకులూ బెరళ్ళూ అమ్ముకునే, మేమంతా ఇయా, అంటే అమ్మా, అని పిలిచే మొజిరాడేని దొంగమందుల మనిషిగా తేల్చబోయిందీ మీరే. పోసిన చెయ్యి మాత్రం నాది. అదీ దాచను.

నా పేరు టిటిలొలా. ఆ సంస్థలో గాజుసామాను కడగడానికి చేరాను. పన్నెండేళ్ళు పక్కన నిలబడి చూసి చూసి కణాలు పెంచడం నేర్చుకున్నాను. నాకు డిగ్రీ లేదు. కళ్ళున్నాయి.

గడ్డలకి ఇయా ఇచ్చే బెరడు కషాయాన్ని పరీక్షించమని మందుల అధికారులు మాకు పంపారు. పనికిరాదని మేం రాస్తే శుక్రవారం ఆవిడ కొట్టు ఎత్తేస్తారు. చెట్టు పేరు అడక్కండి, చెప్పను. చెబితే రేపటికి లారీలొస్తాయి, ఎల్లుండికి చెట్టుండదు.

ఆవిడ బెరడు కట్టతోపాటు ఒక డబ్బా కూడా తెచ్చింది. మూడు రోజులు పులిసిన మొక్కజొన్న నీళ్ళు, తరవాణి. ఇందులోనే కాచాలని చెప్పి వెళ్ళింది. మా డాక్టర్ ఒయెకాన్మి మూత తీసి, ముక్కు మూసుకుని, మీరు పెట్టిన రూలు ప్రకారం ఈ కంపు బల్లమీద ఉండకూడదన్నాడు. నేను పోసేశాను. బెరడుని పొయ్యిపెట్టెలో ఎండబెట్టి స్పిరిట్‌లో నానబెట్టాం. ఒంట్లో కణాల్ని తినే తుప్పుని అడ్డుకునే గుణముంటే మా ఊదారంగు ద్రావణం పసుపవ్వాలి. ఊదాగానే ఉండిపోయింది. క్యాన్సర్ కణాలైతే పెళ్ళిభోజనం తిన్నట్టు పెరిగాయి. "ఏ ప్రభావమూ లేదు" అని డాక్టర్ చిత్తు రాసేశాడు.

సోమవారం నేనే వెళ్ళి ఆవిడకి సంగతి చెప్పాను. ఇయా వేర్లు తరుగుతూనే, దేనిలో కాచారని అడిగింది. చెప్పాను. కత్తి పక్కన పెట్టింది.

"పెండలాన్ని పచ్చిగా కొరికి, గొంతు గీరిందని పండించినవాణ్ణి తిడతారటే మీరు? మీ ఇళ్ళలో పిల్లల జావ కూడా స్పిరిట్ పోసే కాస్తారా?"

పక్క కొట్లవాళ్ళంతా నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ ఇంకో డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఈసారి పారబోస్తే మిగిలింది నీ నెత్తిన పోస్తానంది.

డాక్టర్ ఒప్పుకోలేదు. పుల్లటి నీళ్ళకి ఏ కణమైనా చస్తుంది, అందులో మందు గొప్పేముందన్నాడు. నిజమే, మంచి ప్రశ్న. అందుకే సోడాతో పులుపు విరిచి మూడు వరసలు పెట్టాను. మొదటి వరసలో క్యాన్సర్ కణాలకి తరవాణిలో కాచిన బెరడు. రెండోదానిలో ఆరోగ్యంగా ఉన్న కణాలకి అదే కషాయం. మూడోదానిలో క్యాన్సర్ కణాలకే ఉత్త తరవాణి. రెండు రోజులయ్యాక పసుపురంగు వేశాను. బతికున్న కణం దాన్ని ఊదాగా మారుస్తుంది. చచ్చింది మార్చలేదు.

ఉత్త తరవాణి వరస ఊదా. ఆరోగ్యమైన కణాల వరస దాదాపు అంతా ఊదా. మొదటి వరస ఈ చివరినుంచి ఆ చివరిదాకా పసుపు. పక్కనే తుప్పు పరీక్షకి పెట్టిన ఆ మొండి ద్రావణం కూడా, ఈ కషాయం పడేసరికి, ఊదా వదిలి పసుపయింది.

డాక్టర్ నన్ను నమ్మలేదు. తలుపేసుకుని తన చేతులతో మొత్తం మళ్ళీ చేశాడు. మళ్ళీ పసుపే. ఆయన బయటికొచ్చి చిత్తుకాగితం చింపి నా చేతిలో పెట్టాడు.

శుక్రవారం కొట్టు ఎత్తడానికి అధికారులు వచ్చేసరికి మేం అక్కడే ఉన్నాం. డాక్టర్ వాళ్ళకి కొత్త నివేదిక ఇచ్చాడు. తర్వాత, పెద్దవాళ్ళ ముందు మా మగవాళ్ళు పడే సాష్టాంగం, తెల్లకోటుతోనే, సంత నడిమధ్య, ఇయా కాళ్ళ దగ్గర పడ్డాడు.

"లే నాయనా" అంది ఇయా. "ఆకుల మీద పడ్డావు. అవి అమ్ముకోవాలి."

అప్పుడు లేచిన కేకలు మీ మూడో అంతస్తుకి వినబడే ఉంటాయి. అధికారులు వచ్చిన దారినే పోయారు.

గిన్నెలో చచ్చిన క్యాన్సర్ మనిషిలో చస్తుందని నేననడం లేదు. ఇయా కూడా అనదు. గట్టిగడ్డ చూస్తే ఆస్పత్రికి తోలేది ఆవిడే. ఇంకా చాలా పరీక్షలున్నాయి, చేయాల్సిందే.

కానీ ఈ కషాయం మీద అచ్చుకి పోతున్న మీ పరిశోధన పత్రం చూశాను. అయిదు పేర్లున్నాయి. ఆవిడ "ఒక స్థానిక మహిళ"ట. కొట్టేయండి ఆ మాట. మొజిరాడే అని మొదటి పేరుగా రాయండి. ఆవిడ ఒప్పుకోలు లేకుండా ఒక్క ముక్క బెరడు ముట్టుకోకండి. స్పిరిట్‌లో నానబెట్టి పనికిరావని మూలపడేసిన నలభై ఒక్క మందుల ఫైళ్ళున్నాయి మీ బీరువాలో. తెరవండి. ఒక్కో మందునీ తెచ్చినవాళ్ళని పిలవండి, దేనిలో కాస్తారో అడగండి, అలాగే కాయండి. సోమవారం నుంచే.