జానెడు వెలుతురు

మోటారు వైరు కోసి ఉంది.

మిర్చి గోదాము షట్టరును ఎత్తి దించే మోటారు. దాని నల్ల వైరు నడిమికి రెండు ముక్కలు.

రోజూ నిర్మలాదేవి రిమోట్ నొక్కితే షట్టరు గురగురమంటూ లేచేది. ముందు నేల మీద జానెడు వెలుతురు... తర్వాత మూరెడు... తర్వాత నిలువెత్తు.

ఆ ఉదయం వెలుతురు ఎదగలేదు. అప్పటికే నిండుగా ఉంది. షట్టరు పైన చుట్టుకుని ఉండిపోయింది.

లోపల బస్తాలు. ముక్కు అదిరే ఘాటు.

ఒక్క బస్తా పోలేదు.

ఒక్క మిరపకాయ పోలేదు.

మరి ఎవరు? ఎందుకు?

"ఇంకెవరు? కావలివాడే," అన్నాడు భర్త వెంకటరామారావు. "సాయంత్రం నేను మూసే వచ్చాను. గోదాము బార్లా తెరిచి ఉంటే వాడు పరిగెత్తుకొచ్చి చెప్పాలి కదా?"

దూలయ్య చెప్పలేదు. గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నాడు. అంతే.

"నేను గాదమ్మా," అన్నాడు.

"ఎవరో నీకు తెలుసా?"

దూలయ్య గోదారి వైపు చూశాడు. "గా ముచ్చట నన్నడగకుండ్రి."

పన్నెండేళ్లుగా ఆ గుమ్మం దగ్గరే ఉన్న మనిషి. వెంకటరామారావు ఒక్క మాటలో తేల్చేశాడు — కొత్త మోటారు బిగించిన రోజే దూలయ్య తన ఊరు ములకలపల్లి బస్సెక్కాలి.

మోటారు రెండో రోజే వచ్చింది, ఖమ్మం నుంచి, బస్సు టాపు మీద. మెకానిక్ రాలేదు. పది రోజులన్నాడు. తర్వాత ఫోనే ఎత్తలేదు.

"నేను బిగిస్తాను," అంది నిర్మలాదేవి.

"నువ్వా! మిక్సీ విప్పావు, గుర్తుందా? నెల రోజులు రోట్లో పచ్చడి నూరావు."

"నూరాను. ఇప్పుడు తిరుగుతోందిగా."

ఆమెకు చిన్నప్పటి నుంచీ అదే జబ్బు. మూత కనిపిస్తే తీయాలి. మర కనిపిస్తే తిప్పాలి. లోపల ఏముందో చూడాలి.

తెగిన వైరు వెనక ఏముంది?

నిచ్చెన ఎక్కింది. కింద దూలయ్య పట్టుకున్నాడు. అతని వేళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఏమైందంటే, "ఏం లేదమ్మా" అన్నాడు.

మోటారు వైపు కొస... కోసి, పట్టుకుని పీకారు. ఆ లాగుడికి లోపలి సర్క్యూటు కార్డు పగిలిపోయింది. కోపంతో ఉన్న చెయ్యి.

కోపమా? భయమా?

గోడ వైపు కొస... కరెంటు వచ్చే కొస... దానికి కరెంటు టేపు చుట్టి ఉంది. నాలుగు చుట్లు. దెబ్బకు కట్టు కట్టినంత జాగ్రత్తగా.

ఇదేం దొంగ?

టేపు పసుపురంగుది. ఆమె కుట్టుమిషను డ్రాయరులోది.

గోదారి మీంచి వేడిగాలి వచ్చింది. తెగిన వైరు ఊగింది.

పాత మోటారు బోల్టులు ఆమె విప్పింది. పై కమ్మీకి తాడు వేసి దూలయ్య దించాడు. అదే తాడుతో కొత్తదాన్ని ఎత్తాడు. తనను సాగనంపే మోటారును తనే మోశాడు.

ఒక బోల్టు. పానా తిరిగింది. బస్సు కాస్త దగ్గరైంది.

ఇంకో బోల్టు. ఇంకాస్త.

నాలుగో బోల్టు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"బిగియ్యమ్మా," అన్నాడు దూలయ్య కింద నుంచి. "వదులుగుంటె మీద పడ్తది."

బిగించింది. పళ్ల చక్రానికి గొలుసు తగిలించింది. కాగితంలో బొమ్మ చూసుకుంటూ, రంగుకు రంగు కలుపుతూ వైర్లు బిగించింది.

పెట్టె అడుగున ఇంకో గొలుసు మిగిలింది. సన్నది. పొడుగుది. కాగితంలో దానికీ బొమ్మ ఉంది — ఒక చెయ్యి గొలుసు లాగుతోంది, షట్టరు లేస్తోంది. కరెంటు పోయినప్పుడు.

పాత మోటారును తిప్పి చూసింది. ఈ గొలుసు కోసం దానికీ చక్రం ఉంది. గొలుసే లేదు.

"దూలయ్యా, పాత దాని గొలుసేదీ?"

"దూడ మెడల ఉన్నదమ్మా. ఏలాడుతుంటె పాత షట్టరు లెక్క కనబడ్తదని సారే తీపిచ్చిండు."

ఆమెకు నవ్వు వచ్చింది. సగంలో ఆగిపోయింది.

గొలుసు లేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కరెంటు కోత. ఈ పొలాల్లో సెల్ ఫోనుకు టవరు అందదు.

అప్పుడు లోపల ఎవరైనా ఉండి ఉంటే?

కొత్త గొలుసు చక్రానికి వేసింది. లాగి చూసింది. కదిలింది.

సాయంత్రం వెంకటరామారావు వచ్చాడు.

"రండి. షట్టరు నేల తాకుతోందో లేదో లోపలి నుంచి చూడాలి."

అతను గుమ్మం దగ్గరే ఆగాడు. "నువ్వు చూడు."

"కరెంటు పోయినా గొలుసుందిగా. రండి."

వచ్చాడు. రెండడుగులు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి తడిగా ఉంది.

దూలయ్య బయట నిలబడ్డాడు. పక్కన బట్టల సంచి. బస్సుకు ఇంకా గంట ఉంది.

ఆమె రిమోట్ నొక్కింది.

షట్టరు దిగింది. నిలువెత్తు వెలుతురు... మూరెడు... జానెడు.

ఆగింది. షట్టరు ఆగాల్సిన కింది హద్దు ఆమె ఇంకా సరిచేయలేదు.

చీకటి. ఘాటు. నేల మీద జానెడు వెలుతురు. అందులో రెండు పాదాలు.

ఆమె గొలుసు అందుకుంది. లాగలేదు.

"ఆ పసుపు టేపు నాదండీ," అంది మెల్లగా.

అతను ఆమె మణికట్టు వదిలి ఆ వెలుతురు దగ్గర కూర్చున్నాడు.

"నేనే కోశాను, నిర్మలా.

"ఆ రోజు మధ్యాహ్నం బస్తాలు చూద్దామని వచ్చా. ఎండ పడుతోందని నొక్కా. సరిగ్గా ఇంతవరకూ దిగింది... కరెంటు పోయింది. నొక్కుతూనే ఉన్నా. ఘాటుకు ఊపిరాడలేదు. అరిచా. చిన్నపిల్లాడిలా ఏడ్చా.

"దూలయ్య వచ్చాడు. ఎత్తబోయాడు. వేళ్లు తెగాయి, అది కదల్లేదు. 'సందుకాడ ముక్కు పెట్టుండ్రి సారూ, నేనీడ్నే ఉన్న' అన్నాడు. గ్లాసుతో నీళ్లు లోపలికి తోశాడు.

"కరెంటొచ్చి అది లేవగానే మెయిన్ ఆపేసి, నిచ్చెనెక్కి కొడవలితో కోసేశా. మళ్లీ ఎప్పటికీ దిగకూడదనిపించింది. తర్వాత దూలయ్య ఆ కొస ముట్టుకుంటాడేమోనని భయం వేసింది. ఇంటికొచ్చి టేపు పట్టుకెళ్లా.

"ఎవరికీ చెప్పొద్దన్నా. చెప్పలేదు. నువ్వడిగావు, చెప్పలేదు. మర్నాడు పొద్దున్న అందరి ముందూ నేనే అతని పేరు పెట్టా... అప్పుడూ చెప్పలేదు.

"రెండు గంటలు, నిర్మలా. అతని మొహం కనబడలేదు నాకు. ఇదిగో, ఈ జానెడు వెలుతురులో ఆ పాదాలే కనబడ్డాయి.

"ఇలాగే.

"కదలకుండా..."