ఆకు రాల్చిన నేరం

పొద్దున్నే ఊడవడానికి ఉదయగిరి వృక్షోద్యానం గేటు తీసిన ఓబులమ్మకు ఎర్రచందనం చెట్టు కనిపించలేదు. చెట్టు ఉండాల్సిన చోట మోకాలెత్తు మొద్దు నెత్తురు లాంటి జిగురు కారుస్తోంది.

ఆమె కేకకు, నీళ్లు పట్టడానికి వెనకే వస్తున్న కొడుకు వినోద్ పైపు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కాసేపటికి ట్రస్టు అధ్యక్షుడు రామనారాయణ కారు వచ్చింది.

మర్నాడే 'వసంత కళాశోభ' ఉత్సవం ప్రారంభం. మనకున్న ఋతువులు ఆరైనా, రెండింటికి స్పాన్సర్లు దొరక్క ట్రస్టు ఏటా నాలుగు ఉత్సవాలే జరుపుతోంది. ఉద్యానమంటే మొక్కలుంటాయని నమ్మి వచ్చిన అమాయకులకు ముందుగా ఎదురయ్యేది కూల్‌డ్రింక్ సీసాల నెమలి. దాని వెనక ప్లాస్టిక్ పొద్దుతిరుగుడు తోట. ఆ పూలకు అడ్డమని నిజం గన్నేరు మొక్కల్ని నిరుడే పీకేశారు. రేకు జింక పక్కన 'ప్రకృతిని ప్రేమిద్దాం' అని బోర్డు. ఆ బోర్డును వేపచెట్టుకు మేకులు కొట్టి బిగించారు.

రామనారాయణకు పక్క ఊళ్లో పొలాలున్నాయి, ఉదయగిరిలో పలుకుబడి ఉంది, మొక్కల మీద ఉపన్యాసాలు దండిగా ఉన్నాయి. ఆయన మొద్దును చూసి ఆలోచించలేదు. తిన్నగా వినోద్ వైపు వేలు చూపించాడు.

"ఎర్రచందనం రుచి మరిగినోడు వీడు. జాలిపడి పని ఇస్తే నా తోటకే కన్నం పెట్టినాడు!"

వినోద్ ఒకప్పుడు కూలికి ఆశపడి స్మగ్లర్ల దుంగలు మోసి జైలుకు వెళ్లినవాడు. బయటికొచ్చాక ఇక్కడే పని. భార్య చిన్నికి నెలలు నిండాయి. ఇప్పుడు రెండో కేసు పడితే ఎప్పుడు బయటికొస్తాడో చెప్పేవాళ్లు లేరు.

"నేను తాకలేదు సార్. నిన్న మధ్యాన్నమే మమ్మల్ని ఇంటికి పొమ్మనింది మీరే గదా!"

"పొమ్మంటే చెట్టును కూడా తీసుకొని పొమ్మన్నానా?"

చుట్టూ ఉన్న ట్రస్టు సభ్యులు నవ్వారు. ఆయన జోకులకు నవ్వడమే వాళ్ల సభ్యత్వం.

ఓబులమ్మ చీపురు కింద పడేసింది. "ఏందయ్యా ఆ మాట! అంత మానును భుజానేసుకొని నా కొడుకు బస్సెక్కినాడా? లగేజీ టికెట్టు కొట్టినాడేమో కండక్టర్ని అడుగు పో!"

రామనారాయణ వినిపించుకోలేదు. తెల్ల రంగు పూసిన ఒక కొయ్య పీట మీద కూర్చుని ఫోన్ చేశాడు. ఆత్మకూరు నుంచి ఫారెస్టు రేంజర్ రేణుకాదేవి జీపులో వచ్చేదాకా దాని మీదనే కూర్చుని ఉపన్యసించాడు: స్మగ్లర్లు, కూలోళ్లు, నమ్మకద్రోహం.

రేణుకాదేవి మొద్దును చూసింది, వినోద్‌ను చూసింది. "పాత కేసుంది. తీసుకెళ్లక తప్పదు."

"ఈసారి పోతే నా బిడ్డ మొహం కూడా చూడలేను మేడం," అన్నాడు వినోద్. వెంట వచ్చిన గార్డు అతని చెయ్యి పట్టుకున్నాడు.

రామనారాయణకు మర్యాద గుర్తొచ్చి లేచాడు. "ఎండలో నిలబడినారే మేడం! కూర్చోండి. మా మష్రూమ్ సీట్లు, కొత్తగా పెట్టించినాం."

పుట్టగొడుగులట. తెల్ల రంగు పూసిన కొయ్య ముక్కలు, నెత్తిన ఎర్ర రెక్సిన్ టోపీలు. వాటిల్లో కొన్నిటి రంగు ఇంకా వాసన కొడుతోంది. వాంగ్మూలం నీడలో రాసుకుందామని రేణుకాదేవి ఆయన లేచిన పీటను వేపచెట్టు కిందికి లాగబోయింది. అది కదల్లేదు. రెండు చేతులా లాగింది. కదల్లేదు. పక్క పీటను లాగితే ఒక్క చేత్తో వచ్చేసింది.

ఆమె మొహం మారింది. "ఇదేం కట్టె?"

"తుమ్మ మేడం. అన్నీ తుమ్మే. ఈ చల్లటి మజ్జిగ తీసుకోండి ముందు."

"గార్డ్, అతన్ని వదిలి ఇటు రా."

ఇద్దరూ కలిసి దాన్ని పక్కకు దొర్లించారు. పక్కలంతా రంగు పూసినవాడు అడుగున పూయడం మరిచాడు. కోత ముఖం ముదురెరుపు, అచ్చం ఆ మొద్దు రంగే. కింద గడ్డి మీద కూడా ఎర్రటి మరక.

"ఇంతసేపూ దొంగసొత్తు మీదే కూర్చోనుండాడమ్మా పెద్దాయన!" ఓబులమ్మ చప్పట్లు కొట్టింది. "కూర్చో అయ్యా, లేచినావే?"

ట్రస్టు సభ్యులందరికీ ఒక్కసారిగా సీసాల నెమలిలో గొప్ప కళ కనబడింది. అందరూ అటే చూస్తున్నారు.

"ఎవరు కోశారు?" రేణుకాదేవి అడిగింది. "రంగు వేసినవాళ్లను పిలిచి అడగమంటారా, మీరే చెప్తారా?"

రామనారాయణ ఒకసారి సభ్యుల వైపు చూశాడు. ఈసారి ఒక్కడూ నవ్వలేదు.

"నేనే కోయించినాను. మిషన్ రంపమోళ్లను పిలిపించి దగ్గరుండి కోయించినాను. దొంగతనమేంది మేడం, నేనేమన్నా అమ్ముకున్నానా? ముక్కలు కోయించి పీటలు చేయించినాను, అంతే. రేపు మంత్రిగారొస్తా ఉండారు. గేటు నుంచి స్టేజీ దాకా వసంతం వసంతం అని బ్యానర్లు కట్టించినాను. ఈ చెట్టు చూస్తే ఆకంతా రాల్చుకొని కరెంటు స్తంభం మాదిరి నిలబడి ఉండాది. ఏ పక్క ఫొటో తీసినా అదే పడతాది. ప్లాస్టిక్ ఆకులు కట్టిద్దామంటే నిచ్చెన అందలా. కొన్నాళ్లాగితే చిగురిస్తాదని నాకూ తెలుసు. మంత్రిగారు ఆగుతారా? ఇంక వినోద్ సంగతంటారా... ఎవడో ఒకడి పేరు చెప్పాల గదా మేడం. వాడికైతే జైలు అలవాటే. నాకు అలవాటు లేదు."