తొంభై శాతం సిద్ధం

ఎనిమిదింటికి శ్రీవిష్ణు తల దువ్వుకుంటూ, నేను రెడీ, నీదే ఆలస్యం అన్నాడు భార్యతో. వేడినీళ్లు, ఇస్త్రీ చొక్కా, టిఫిను, రెండు క్యారియర్లు, పిల్లకు జడలు, మామగారి మాత్రలు, అన్నీ ఐదింటి నుంచి గోద చేతుల మీదుగా నడిస్తేనే ఆయనగారు రెడీ. ఆ మాట పైకి అంటే ఇంజనీరమ్మకు పొగరు అంటుంది అత్తగారు. గోద నంద్యాల బస్టాండుకు పరుగెత్తింది.

ఆళ్లగడ్డలో హాస్టలు కడుతున్న కంపెనీలో ఆమెది ప్లానింగు ఉద్యోగం. ఏ పనికైనా ముందు కావలసినవన్నీ కుదిరాయో లేదో చూసి సంతకం పెట్టాలి. ఆ రోజు స్లాబు. ఆమె వచ్చేసరికే మేనేజరు లక్ష్మీనరసింహ ముహూర్తం చూసి టెంకాయ కొట్టేశాడు. కొట్టాక ఆపితే అరిష్టమట, కాబట్టి పని సిద్ధమైనట్టే లెక్క. గోద సెంట్రింగు కిందికి వంగి చూసింది. స్లాబు బరువు మోయాల్సిన మధ్య వరుస ఇనుప జాకీలు వానకు నానిన మట్టి మీద నిలబడి ఉన్నాయి. వాటి కింద పలకలు లేవు, కాంక్రీటు పడితే మట్టిలో దిగబడిపోతాయి.

తొంభై శాతం సిద్ధమే కదమ్మా అన్నాడు మేనేజరు. పదింటిలో ఒక్కటి లేకపోయినా సిద్ధం కానట్టే, దానికి శాతాలుండవు సార్ అంది గోద. అతను పక్కకు వెళ్లి ఫోను తీశాడు. కాసేపటికి ఆమె ఫోను మోగింది.

"ఏందీ గలాటా? మీ సారు నాకు ఫోన్ చేసినాడు. సంతకం పెట్టేసి బిరీన వచ్చెయ్," అన్నాడు శ్రీవిష్ణు.

గోదకు ఒళ్లు మండిపోయింది. బళ్లో అల్లరి చేసిన పిల్ల మీద ఇంటికి కబురు పంపినట్టు! పోయిన నెల ముబారక్ మేస్త్రీ గోడ వంకరగా కడితే అతని భార్యకు ఎవరైనా ఫోను చేశారా? పదకొండేళ్ల అనుభవం తనది, అనుమతి మాత్రం మొగుడిదా?

కాంక్రీటు మోసే ఓబులమ్మ తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడింది. "ఎక్కమంటావా మేడం?"

"ఎక్కొద్దు."

గోద ట్యాబు తెరిచి 'సిద్ధం కాదు' నొక్కింది. కారణాల గడిలో ముందు జాకీల సంగతి రాసింది. దాని కింద రెండో కారణం రాసి, తన పేరు పెట్టి, హైదరాబాదు ఆఫీసులో అందరికీ పంపేసింది.

"సంతకం కోసం మేనేజరు గారు నా భర్తకు ఫోన్ చేశారు. ఈ స్లాబుకు ఇంజనీరు ఆయన కాదు, నేను."