తాతకు వేసిన ఈల

మా తాత లోర్న్, కారు వెనక తగిలించిన మా చక్రాల ఇంటిని, అదే క్యారవాన్‌ను, ఎంత నెమ్మదిగా లాక్కుపోతాడంటే, పొద్దున అమ్మమ్మ లోపల బల్ల మీద మర్చిపోయిన టీ కప్పు సాయంత్రానికి కూడా అక్కడే ఉంటుంది. గోధుమల లారీలు హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోతాయి. ఎదురొచ్చే ప్రతి బండికీ తాత స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపుతాడు. వాళ్ళూ ఒక వేలు లేపుతారు. మా వైపు పలకరింపంటే అంతే. నాకది చాలా ఇష్టం. నోరు తెరవక్కర్లేదు.

బడిలో టీచరు 'మెరిన్' అని పిలిస్తే, నేను పలికిన జవాబు నాకే సరిగ్గా వినిపించదు. ఈ సెలవుల్లో మాత్రం నన్నెవరూ మాట్లాడమనలేదు. ముందు సీట్లలో తాత, అమ్మమ్మ వాదించుకుంటూ ఉంటారు. నేను వెనక సీట్లో కిటికీ దించుకుని ఎండిన గడ్డినీ, గొర్రెలనూ, తీగల మీద వరసగా వాలిన గులాబీరంగు చిలకలనూ చూస్తూ ఉంటాను. దారి పక్కన ఎవరో పెట్టిన పెట్టెలోంచి తేనె సీసా తీసుకుంటాం, డబ్బాలో డబ్బులు వేస్తాం. నది ఒడ్డున గొర్రెమాంసం చాప్స్ కాల్చుకుంటాం. ఇలాగే నది వెంట పోయి, అది సముద్రంలో కలిసే చోటు చూడాలని మా ఆలోచన. నేనింకా సముద్రం చూడలేదు.

అయితే, ఆ సముద్రం చూస్తామో లేదో అనే భయం నాకు ఒక ఊళ్ళో పట్టుకుంది.

తాతకు ఈమధ్య మెడ తిరగడం లేదు. క్యారవాన్‌ను వెనక్కి నడిపేటప్పుడు అమ్మమ్మ వెనకాల నిలబడి చేతులతో సైగ చేస్తుంది. ఆ ఊళ్ళో తాత అద్దంలో అమ్మమ్మ చెయ్యి చూసి అటే తిప్పాడు. క్యారవాన్ మూల వెళ్ళి కుళాయిని గుద్దింది. నీళ్ళు ఫౌంటెన్‌లా ఎగిశాయి.

"ఎడమకని చెయ్యి ఊపింది నువ్వే కదా ఏవిస్!" అని అమ్మమ్మ మీద అరిచాడు.

"ఈగల్ని తోలుకున్నాను! ఈగలు మూగితే మనిషి చెయ్యి ఊపకుండా ఉంటుందా?"

"ఈగలకైతే ఈగల్ని తోలినట్టే ఊపాలి!"

"అదెలాగో నువ్వే దిగి చూపించు. ఇక చచ్చినా నీ బండి వెనక నిలబడను."

వాళ్ళు అరుచుకోవడం నాకు అలవాటే. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర తాత మెల్లగా అన్నాడు: "ఇంకొక్కసారి తగిలిందంటే వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోదాం. బండి అమ్మేస్తాను." అమ్మమ్మ ఎదురు చెప్పలేదు. నాకు అందుకే భయమేసింది. గొర్రెల్ని అమ్మేసినప్పుడూ తాత గొంతు ఇలాగే ఉంది.

అప్పటి నుంచి వెనక్కి నడపక్కర్లేని చోట్లే వెతుక్కుంటూ వచ్చాం. వాల్గారా అనే ఊళ్ళో మాత్రం కుదరలేదు. సంత మైదానం నిండా క్యారవాన్‌లే. ఒక ఆకుపచ్చ క్యారవాన్‌కూ, ఒక పెద్ద నీలగిరి చెట్టుకూ మధ్య ఒక్క సందు మిగిలింది.

మా క్యారవాన్‌ల వాళ్ళకు ఒక అలవాటుంది. కొత్త బండి వెనక్కి వస్తుంటే అందరూ కుర్చీలు అటు తిప్పుకుంటారు. టీ తాగుతూ, సినిమా చూసినట్టు చూస్తారు. అడగందే ఎవరూ సాయానికి రారు. అడక్కుండా వెళ్ళడం మర్యాద కాదు.

కుర్చీలు తిరిగాయి. అమ్మమ్మ చేతులు కట్టుకుంది. "మెరిన్ నిలబడుతుంది," అంది.

దిగాను. మొహం మీద ఈగలు మూగాయి. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను. ఊపితే ఈగకో సైగకో అని మళ్ళీ గొడవ.

"గట్టిగా చెప్పాలి తల్లీ!" అని తాత కిటికీలోంచి అరిచాడు.

బండి వెనక్కి కదిలింది. తిన్నగా వస్తోంది అనుకునేలోపే చెట్టు వైపు ఒరిగింది. "ఆగు," అన్నాను. నా మాట నా పెదవులు కూడా దాటలేదు. ఇంకోసారి అన్నాను. ఈసారి నోట్లో ఈగ దూరింది. చెట్టు బెరడూ, క్యారవాన్ మూలా ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చేస్తున్నాయి.

చేతులు ఎప్పుడు జేబుల్లోంచి తీశానో తెలియదు, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను. పొడవుగా ఈల వేశాను.

మా పొలంలో మిడ్జ్ అని ఒక కుక్క ఉండేది. గొర్రెల్ని మళ్ళించేది. నా గొంతు దానికి వినపడదని తాతే నాకు ఈలలు నేర్పాడు. పొడవైన ఈలకు ఆగాలి. పైకి లేచే ఈలకు ఎడమకు, కిందకు జారే ఈలకు కుడికి. రెండు పొట్టి ఈలలకు ముందుకు రావాలి. మిడ్జ్ పోయిన చలికాలంలో చచ్చిపోయింది. ఆ తరవాత నేను ఈల వెయ్యలేదు.

తాత టక్కున ఆగాడు. ఆకుపచ్చ క్యారవాన్ కింద ఉన్న ఎర్ర కుక్క కూడా టక్కున నేలకు అతుక్కుపోయింది. అదీ గొర్రెల కుక్కే కాబోలు.

ఎవరో నవ్వారు. కారెక్కి దాక్కుందామనుకున్నాను. అంతలో తాత కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తలుపు మీద రెండు వేళ్ళతో తట్టాడు. పొలంలో, మళ్ళీ మొదలుపెట్టు అనడానికి అలాగే గేటు మీద తట్టేవాడు.

క్యారవాన్ తోకనే మిడ్జ్ అనుకున్నాను. దానికి ముందుకంటే నా వైపుకు. రెండు పొట్టి ఈలలు. తరవాత పైకి లేచే ఈల. క్యారవాన్ ఎడమకు జరిగింది. ఎర్ర కుక్క కూడా ఎడమకు ఉరికి, సాసేజీల పళ్ళెంతో వస్తున్న ఒకాయన్ను చుట్టేసి కుర్చీల వైపు తోలింది.

"ఒరే, నేను గొర్రెను కాదురా!" అని ఆయన కేకలు పెడుతున్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను అటు చూడలేదు. చూస్తే నవ్వొస్తుంది, నవ్వుతూ ఈల వెయ్యలేం. కుడికి. ఇంకొంచెం. ముందుకు రా. పొడవైన ఈల.

తాత దిగి చెట్టు పక్క సందులో నిలబడి చూశాడు. ఎక్కడా గీత పడలేదు.

"ఆఖరి ఈల కాస్త పొట్టిదయింది," అన్నాడు. "మిడ్జ్ అయితే ఆగేది కాదు."

"ఆగేది," అంది అమ్మమ్మ. "దానికి నీకంటే బుద్ధెక్కువ. ఇన్నేళ్ళూ నీకు చెప్పి చెప్పి గొంతు చించుకున్నాను చూడు, నన్ననాలి. ఈల వేస్తే సరిపోయేది."

ఎర్ర కుక్క యజమానురాలు గ్లెనిస్, స్కోన్లనే చిన్న రొట్టెలు పట్టుకుని వచ్చింది. "ఏమమ్మాయ్, పడుకోమంటే ఇది ఒక్కనాడూ నా మాట వినలేదు. నీ పేరేంటి?"

"మెరిన్," అన్నాను.

ఆవిడ రెండోసారి అడగలేదు.

స్కోన్ల మీద జామ్ రాసుకుంటుంటే తాత బల్ల మీద మ్యాప్ పరిచాడు. గాలికి లేవకుండా మూల మీద సాస్ సీసా పెట్టాడు. తాత వేలు నది వెంట సముద్రం వైపే నడుస్తోంది. నేను ఆ వేలునే చూస్తున్నాను.

"రేపు ఎక్కడ ఆగుదామంటావు?" అని అమ్మమ్మను అడిగాడు. "చోటు ఇరుగ్గా ఉన్నా పరవాలేదు."